ముఖం ఎర్రబడితే నేరమంతా పురుగుదేనా?



కొంతకాలం క్రితం ఓపీలో ఒక తల్లి మా ఎదుట కూర్చుంది. కోరుట్ల వైపు నుండి వచ్చింది. బీడీలు చుట్టి బతికే కుటుంబం. కొంగు ముక్కు మీది దాకా లాక్కుని కళ్ళు మాత్రమే కనబడేటట్లు కూర్చుంది. చీటీ మీద పేరు రాసేటప్పుడు కూడా కొంగు తీయలేదు. చివరికి తలుపు దగ్గరగా వేసి, "ఇక్కడ మనమే ఉన్నాం, తియ్యమ్మా" అంటే తీసింది. రెండు బుగ్గలు, ముక్కు, గదవ ఎర్రగా పొంగి ఉన్నాయి. వాటి మీద సన్నని చీము పొక్కులు. ఎండలో బస్సు దిగి నడిచి వచ్చింది గనుక ముఖమంతా సెగలు కక్కుతున్నట్టుంది.

ఆమె అడిగిన మొదటి మాట మందు గురించి కాదు.

"సిస్టరమ్మా, నా ముఖంల పురుగులున్నయని చెప్పిన్రు. నా బిడ్డను పక్కల పండుకోబెట్టుకోవచ్చా?"

ఎక్కడో పరీక్ష చేయించుకుంది. మైక్రోస్కోపు కింద పురుగు కనబడింది. చూసినవారు ఆ ఒక్క మాట చెప్పి పంపించారు. అప్పటి నుండి మూడు నెలలుగా ఆమె తన నాలుగేళ్ళ పాపను అత్త దగ్గర పడుకోబెడుతోంది. ఇంట్లో ఆమె కంచం వేరు, చెంబు వేరు. వాడకట్టులో ఎవరో "పెద్ద రోగం" అన్న మాట కూడా వదిలారు. బీడీల గంప పట్టుకుని కార్ఖానాకు పోవడం మానేసి, పక్కింటి అమ్మాయి చేత పంపిస్తోంది. కమీషను ఆ అమ్మాయికి పోతోంది.

ఆమె ప్రశ్న మమ్మల్ని వదలలేదు. అందుకే ఈసారి బీపీని, షుగరును పక్కన పెట్టి ఈ పురుగు సంగతి రాస్తున్నాము. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. పురుగు ఉన్నమాట నిజం. కానీ మన ప్రాంతంలో ముఖాలు పాడు కావడానికి మేము చూసినంతలో దానికన్నా పెద్ద దోషి మరొకటి ఉంది. అది మీ ఇంటి అలమరలోనే, అద్దం పక్కన పడి ఉంటుంది.

ముందుగా పురుగు గురించి. దీని పేరు డెమోడెక్స్. తెలుగులో నల్లి అనవచ్చు. మంచాల్లో ఉండే నల్లి కాదు. మిరపతోటకు ఎర్రనల్లి పట్టిందని మన రైతులు అంటారు చూడండి, ఆ జాతిది. పెద్దదయ్యాక ఎనిమిది కాళ్ళు ఉంటాయి. గజ్జి పురుగు, పశువుల ఒంటి మీది పిడుదు దీనికి దూరపు చుట్టాలు. మనిషి ముఖం మీద ఇవి రెండు రకాలు. ఒకటి వెంట్రుక మొదలు ఉండే గుంతలో తలకిందులుగా దూరి ఉంటుంది. రెండవది ఇంకా పొట్టిది, చర్మంలో నూనె ఊరే గ్రంథిలో ఉంటుంది. పెద్ద రకమైనా మూడింటిని వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది, అంతే. కంటికి కనబడదు. వెలుతురు దీనికి పడదు. రాత్రిపూట బయటికి వచ్చి గంటకు ఒక సెంటీమీటరు చొప్పున పాకుతుంది. రెండు మూడు వారాలు బతుకుతుంది. చర్మం మీద ఊరే జిడ్డు, పాత కణాలు దాని ఆహారం.

ఇది కొత్తగా పుట్టుకొచ్చిన రోగం కాదు. 1841లో జర్మనీ శాస్త్రజ్ఞుడు యాకోబ్ హెన్లె చెవి గులిమిలో దీన్ని చూశాడు. మరుసటి సంవత్సరమే బెర్లిన్ వైద్యుడు గుస్తావ్ సిమోన్ మొటిమలలో చూసి వివరంగా రాశాడు. అంటే దీని సంగతి తెలిసి 180 ఏళ్ళు దాటింది.

ఇక అసలు మాట. ఈ పురుగు ఆ కోరుట్ల తల్లి ముఖం మీదే కాదు, ఈ వ్యాసం రాస్తున్న మా ముఖం మీద, చదువుతున్న మీ ముఖం మీద కూడా దాదాపు ఖాయంగా ఉంటుంది. 2014లో అమెరికాలోని నార్త్ కరోలినాలో కొద్దిమంది ముఖాల జిడ్డు తీసి డీఎన్ఏ పరీక్ష చేశారు. 18 ఏళ్ళు దాటిన వారిలో పరీక్షించిన ప్రతి ఒక్కరిలోనూ డెమోడెక్స్ జాడ దొరికింది. కంటితో వెదికితే మాత్రం ఏడుగురిలో ఒకరికే కనబడింది. అప్పుడే పుట్టిన బిడ్డ ముఖం మీద ఇది ఉండదు. తల్లి చెంపకు చెంప ఆనించి పాలిచ్చేటప్పుడు, ముద్దులు పెట్టేటప్పుడు మెల్లగా వస్తుంది. వయసుతో పాటు పెరుగుతుంది.

గనుక ఆమెకు మేము చెప్పిన జవాబు ఇది: "ఈ రాత్రి నుండే నీ బిడ్డను పక్కలో వేసుకో. రావలసినవి ఉంటే ఎప్పుడో వచ్చి ఉంటాయి. వాటితో ఆ పాపకు ఏమీ కాదు." కంచం, చెంబు వేరు పెట్టనక్కర లేదని అత్తగారిని పిలిచి విడిగా చెప్పాము. గజ్జికైతే ఇంటిల్లిపాదీ ఒకే రోజున మందు పూసుకోవాలి, బట్టలు వేడినీళ్ళలో ఉడకబెట్టాలి. దీనికి అది అవసరం లేదు. ముఖం మీద ఎర్రపొక్కులు ఉన్నవారికే వైద్యం. ఈ తేడా తెలియక ఒకే పురుగు భయంతో ఇల్లంతా ఒకరినొకరు ముట్టుకోకుండా బతికిన కుటుంబాలను చూశాము.

మరి అందరికీ ఉన్నప్పుడు కొందరికే ముఖం ఎందుకు పొంగుతుంది? ఉండటం వేరు, మితిమీరి పెరగడం వేరు. చర్మ వైద్యులు గాజు పలక మీద ఒక చుక్క జిగురు వేసి బుగ్గకు అంటించి, పైపొరను మెల్లగా తీసి లెక్కపెడతారు. ఒక చదరపు సెంటీమీటరులో 5 కన్నా ఎక్కువ ఉంటే ఎక్కువగా ఉన్నట్టు లెక్క. రొజేషియా అనే జబ్బు ఉన్నవారిలో ఇవి మామూలు వారిలో కన్నా చాలా ఎక్కువగా ఉంటాయని అనేక పరిశీలనలు చెబుతున్నాయి. రొజేషియా అంటే బుగ్గలు, ముక్కు మాటిమాటికీ ఎర్రబడి, మండి, పొక్కులు లేచే జబ్బు. పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లవారివే ఉంటాయి గనుక ఇది మనవారికి రాదనే అపోహ వైద్యరంగంలో కూడా చాలాకాలం ఉండేది. మన చామనఛాయ మీద ఎరుపు అంతగా కనబడదు, నలుపు కలిసిన రాగి రంగులో ఉంటుంది. అందుకే చూసి కాదు, అడిగి తెలుసుకోవాలి. "ఎండలోకి పోతే, పొయ్యి దగ్గర కూర్చుంటే, కారం తింటే ముఖం కాలుతుందా?" అని అడిగితే అప్పుడు బయటపడుతుంది. చైత్రమాసంలో కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఎండలో నడిచివచ్చిన వారిలో, సిరిసిల్లలో రేకుల కప్పు కింద మరమగ్గాల వేడిలో పన్నెండు గంటలు నిలబడే వారిలో ఈ మంట హెచ్చుతుంది.

పురుగు పెరగడం వల్ల ముఖం ఎర్రబడిందా, ముఖం పాడయినందువల్ల పురుగు పెరిగిందా అంటే, పెద్ద పెద్ద వైద్యులే ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. పురుగును చంపే ఐవర్‌మెక్టిన్ పూతమందు వాడితే చాలామందికి పొక్కులు తగ్గుతున్నాయి. 2014లో అమెరికా ప్రభుత్వం దాన్ని రొజేషియాకు ఆమోదించింది. చూశారా, పురుగే కారణం అని కొందరు అంటారు. ఆ మందుకు వాపును తగ్గించే గుణం కూడా ఉంది గనుక అది రుజువు కాదని మరికొందరు అంటారు. మేము డిప్లొమా చదివిన నర్సులం. ఆ వాదంలో తీర్పు చెప్పే స్థానం మాది కాదు. కానీ వ్యవసాయ కుటుంబంలో పుట్టినందుకు ఒక సంగతి తెలుసు. మిరపతోటలో నీళ్ళు లేక మొక్క వడలితే ఎర్రనల్లి ఎక్కువవుతుంది. ఇంకొకటి కూడా ఉంది. కొన్ని ఘాటు మందులు అదే పనిగా కొడితే పురుగు పోదు సరికదా, నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చి నల్లి రెట్టింపవుతుంది. ఇది జగిత్యాల రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. ముఖం విషయంలో మాత్రం అదే రైతు ఇంట్లో మిరపతోటకు చేసిన పొరపాటే జరుగుతోంది.

కోరుట్ల తల్లిని మేము అడిగిన రెండవ ప్రశ్న: "ముఖానికి ఏం పూస్తున్నావు?" "ఏం లేదు" అంది. ఇలా అడిగితే అందరూ ముందు అలాగే అంటారు. క్రీము అంటే మందు అని వారి లెక్కలో లేదు. "పౌడరు, స్నో, ట్యూబు, ఏదైనా?" అంటే అప్పుడు సంచిలో నుండి సగం నొక్కిన చిన్న ట్యూబు తీసింది. రెండేళ్ళ కింద మంగు మచ్చలకని మెడికల్ షాపులో ఇచ్చారట. "పూసిన నాలుగు రోజులకే ముఖం తెల్లగైంది సిస్టరమ్మా. బందు జేస్తే ఎర్రగై మండుతది. మళ్ళ పూస్తే చల్లగైతది." ట్యూబు మీద ఇంగ్లీషులో సన్నని అక్షరాల్లో క్లోబెటసోల్ అని ఉంది.

ఇది స్టెరాయిడు. స్టెరాయిడు చెడ్డ మందు కాదు. 1952లో హైడ్రోకార్టిసోన్ పూతమందు వచ్చినప్పుడు చర్మ వైద్యంలో పెద్ద మార్పు వచ్చింది. గజ్జి కాని తామర కాని దురదలకు, ఎగ్జిమాకు నేటికీ అదే దిక్కు. కానీ క్లోబెటసోల్ ఆ కుటుంబంలో అన్నిటికన్నా బలమైనది. మందమైన అరికాలి చర్మానికి ఇచ్చే మందును కనురెప్ప పక్కన పూస్తే ఏమవుతుంది? మొదట రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఎరుపు పోయి ముఖం పాలిపోతుంది. దాన్నే మనం తెలుపు అనుకుంటాము. వాపు, దురద తగ్గుతాయి. మరోవైపు చర్మం పలుచబడుతుంది, దాని కాపలా శక్తి పడిపోతుంది. కాపలా లేని ఇంట్లో డెమోడెక్స్ పిల్లాపాపలతో పెరుగుతుంది, తామర కూడా పెరుగుతుంది. అవి పెరుగుతున్న సంగతి కూడా మందు కిందే దాగి ఉంటుంది. మందు ఆపిన రోజు దాగినదంతా ఒక్కసారి పైకి లేస్తుంది. మళ్ళీ అదే ట్యూబు.

దీనికి మన దేశపు వైద్యులే పేరు పెట్టారు. కోల్‌కతా చర్మ వైద్యులు 2008లో దీన్ని స్టెరాయిడ్ పూతతో దెబ్బతిన్న ముఖం అన్నారు. అదే సంవత్సరం దేశంలోని 12 చర్మ వైద్య కేంద్రాల్లో ముఖం మీద జబ్బుతో వచ్చిన 2926 మందిని పరిశీలించారు. 433 మంది స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నారు. వారిలో 126 మంది వాడింది జబ్బుకు కాదు, తెల్లబడటానికి లేదా గడ్డం గీసుకున్నాక పూసుకోవడానికి. 257 మందికి ఆ మందు చెప్పింది వైద్యులు కానివారు. వాడినవారిలో 392 మందికి ముఖం పాడయింది, అంటే పది మందిలో తొమ్మిదిమందికి. 2011లో ఈ వివరాలు అచ్చయ్యాయి. అవి పట్నం కేంద్రాల లెక్కలు గదా, మన పల్లెల్లో ఇంత ఉండదని మీరు అనవచ్చు. దుబాయి, మస్కట్ నుండి సెలవు మీద వచ్చే తమ్ముళ్ళు ఎండకు నల్లబడిన ముఖాన్ని ఊరికి చేరేలోగా బాగు చేసుకోవాలని ఏమేమి పూస్తారో వారి భార్యలను అడగండి.

షాపులవారిని తిట్టి ఊరుకుంటే వ్యాసం సులభంగా అయిపోతుంది. కానీ మా సంగతి కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం, ఇప్పుడు కాదు, వేరొక చోట పనిచేస్తున్నప్పుడు మా కింద ఒక నర్సింగ్ విద్యార్థిని ఉండేది. మంచి పిల్ల. పెళ్ళి కుదిరింది. బుగ్గల మీద మొటిమల మచ్చలు ఉన్నాయని పెళ్ళివారి తరఫు ఆడవాళ్ళు ఏదో అన్నారు. ఆ పిల్ల ఏడుస్తుంటే చూడలేక వార్డు అలమరలో నుండి బెటామెథసోన్ ట్యూబు తీసి ఇచ్చింది మేమే. "రాత్రి పూట కొంచెం రాసుకో" అన్నాము. ఎన్ని రోజులో చెప్పలేదు. పది రోజుల్లో ముఖం తేటగా అయింది. పెళ్ళి ఫోటోల్లో ఎంతో బాగుంది. రెండేళ్ళకు చంటిబిడ్డతో చూడవచ్చింది. బుగ్గల మీద సన్నని ఎర్ర నరాలు జల్లెడలా కనబడుతున్నాయి, పైపెదవి మీద మీసం లాంటి నూగు, ముఖం నిండా పొక్కులు. "మీరిచ్చిందే వాడుతున్నానమ్మా" అంది, కృతజ్ఞతతో. ఆ మాట విని మేము పడిన సిగ్గు ఇంకా పోలేదు. తెల్లకోటు వేసుకున్నంత మాత్రాన చేతిలోని ట్యూబు మారదు.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ తదితర పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని స్పష్టం చేసింది. నియమం మంచిదే. కానీ చీటీ అడగని కౌంటరు, చీటీ చూపని కొనుగోలుదారుడు ఇద్దరూ ఒకరినొకరు అర్థం చేసుకున్న చోట నియమం ఏం చేస్తుంది? మా దృష్టిలో అసలు గిరాకీ పుట్టేది కౌంటరు దగ్గర కాదు, పెళ్ళిచూపుల్లో. "పిల్ల కొంచెం చామనఛాయ" అని గొంతు తగ్గించి చెప్పే మాటలో. మన సంఘాల్లో కూడా ఆ గొంతు తగ్గడం విన్నాము, మేము కూడా తగ్గించి ఉన్నాము. ఆ మాట విన్న పదిహేనేళ్ళ పిల్ల ట్యూబు కొనుక్కోక ఏం చేస్తుంది?

ఇక "పెద్ద రోగం" మాట. మన చుట్టుపక్కల ఈ భయానికి పాత చరిత్ర ఉంది. 1915 నాటికే పొరుగున నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పారు. దానికి రాజా నర్సాగౌడ్ విరాళం ఇచ్చారు. మన తాతల కాలంలో ముఖం మీద గడ్డలు లేచినవారు ఊరు విడిచి అక్కడికి నడిచిపోయినవారే. ఆ జ్ఞాపకం ఇంకా ఊళ్ళల్లో ఉంది గనుకే ముఖం ఎర్రబడితే కంచం వేరు పెడతారు. కానీ 1980లలో వచ్చిన బహుళ ఔషధ చికిత్సతో కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బు అయింది. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. అయినా 2019లో పార్లమెంటు సవరించేదాకా కుష్ఠు విడాకులకు కారణంగా చట్టాల్లో ఉండేది, మన క్రైస్తవ విడాకుల చట్టంలో కూడా.

గనుక రెండు వైపులా జాగ్రత్త పడాలి. ముఖం మీద ఎరుపు ప్రతిదీ కుష్ఠు కాదు, ప్రతిదీ పురుగు కూడా కాదు. స్పర్శ తగ్గిన మచ్చ, దళసరి అయిన చెవి తమ్మె, రాలుతున్న కనుబొమ్మలు ఉంటే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. అంచు గుండ్రంగా పాకుతూ దురద పెడితే తామర కావచ్చు. దాని మీద స్టెరాయిడ్ పూస్తే ఆ గుండ్రమే చెదిరిపోయి డాక్టరు కూడా గుర్తు పట్టలేడు. రెండు బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లా ఎరుపు, దానితో కీళ్ళ నొప్పులు, జ్వరం, నోటిలో పుళ్ళు ఉంటే లూపస్ అనే జబ్బేమో చూడాలి, అది మూత్రపిండాల దాకా పోతుంది. కనురెప్పల వెంట్రుకల మొదట్లో పొట్టు పట్టి, పొద్దున లేవగానే కళ్ళు దురద పెడితే అక్కడ కూడా ఇదే డెమోడెక్స్ ఉండవచ్చు, కంటి డాక్టరుకు చూపాలి. ఏ క్రీమూ వాడకుండానే డెమోడెక్స్ విపరీతంగా పెరిగిందంటే ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గిందేమో చూడాలి. షుగరు పరీక్ష, డాక్టరు అడిగితే హెచ్ఐవీ పరీక్ష కూడా, సిగ్గుపడకుండా చేయించుకోండి.

పరీక్ష పెద్దదేమీ కాదు. ఒక పొక్కును మెల్లగా నొక్కి, వచ్చినదాన్ని గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తారు. నిమిషాల పని. ఆ పలక మీద తామర ఉన్నా తెలుస్తుంది. మందు రాయకముందే ఈ పరీక్ష చేయగలరా అని అడగడం మీ హక్కు. అడిగితే కోపం తెచ్చుకునే డాక్టరు ఉంటే అది మీ తప్పు కాదు.

వైద్యం గురించి. ముందుగా ఆ ట్యూబు ఆపాలి. ఇది చెప్పినంత సులభం కాదని మాకు తెలుసు. చాలాకాలంగా బలమైనది వాడినవారికి ఒక్కసారిగా ఆపించాలా, తక్కువ బలం మందుకు మార్చి మెల్లగా తగ్గించాలా అన్నది డాక్టరు చెప్పాలి. ఏ విధంగా ఆపినా మొదటి రెండు మూడు వారాలు కష్టంగానే ఉంటాయి. ముఖం ముందుకన్నా ఎర్రబడుతుంది, మండుతుంది, రాత్రి నిద్ర పట్టదు. చాలామంది ఇక్కడే ఓడిపోయి, "మీ మందు పడలేదు" అని మళ్ళీ పాత ట్యూబుకు పోతారు. కొందరికి ఆ మంట నెలల తరబడి వచ్చిపోతుంటుంది. ఈ సంగతి ముందుగా చెప్పి పంపకపోవడం మా వంటి వారి తప్పు. ఇంట్లో ఒకరు పక్కన ఉండి "ఇది తగ్గుతుంది" అని చెబితే సగం బలం. తడిపి పిండిన చల్లని మెత్తని బట్ట పది నిమిషాలు వేసుకుంటే మంటకు ఉపశమనం.

పురుగు ఎక్కువగా ఉందని తేలితే ఐవర్‌మెక్టిన్ లేదా పెర్మెత్రిన్ పూతమందు ఇస్తారు. రొజేషియాకు మెట్రోనిడజోల్ పూత, అవసరమైతే డాక్సీసైక్లిన్ బిళ్ళలు ఇస్తారు. గర్భిణులు ముందే ఆ సంగతి చెప్పాలి, డాక్సీసైక్లిన్ వారికి ఇవ్వరు. ఫలితం పూర్తిగా కనబడటానికి 12 వారాలు పట్టవచ్చు. నాలుగు రోజుల్లో తెల్లబడిన ముఖానికి అలవాటు పడినవారికి పన్నెండు వారాలు యుగంలా ఉంటుంది. పురుగులన్నీ చచ్చేదాకా వాడాలని పట్టుబట్టకండి. అందరికీ ఉన్నట్టే మీకూ కొన్ని ఉంటాయి. అవి తగ్గితే చాలు.

ఒక హెచ్చరిక. ఐవర్‌మెక్టిన్ మంచి మందు. దాన్ని కనిపెట్టినందుకు 2015లో విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురా నోబెల్ బహుమతి పంచుకున్నారు. కానీ గొర్రెలకు, మేకలకు వేసే ఐవర్‌మెక్టిన్ సీసా ఇంట్లో ఉందని దాన్ని ముఖానికి పూయకండి, తాగకండి. మోతాదు వేరు, తయారీ వేరు. మందు పేరు ఒక్కటే అయినంత మాత్రాన అది మన మందు కాదు.

ఇంటి వైద్యాలలో పసుపు మాటే ఎక్కువగా వింటాము. మెట్‌పల్లి, కోరుట్ల పసుపు పండించే నేల. పసుపును తప్పు పట్టే ధైర్యం మాకు లేదు. బాగున్న చర్మానికి ఏమో గాని, పలుచబడి మండుతున్న ముఖానికి పసుపు, నిమ్మరసం, వేపాకు ముద్ద ఏదీ వద్దు. ఉప్పు, పంచదార, పీచు పెట్టి రుద్దితే పురుగు రాలిపోతుందని అనుకుంటారు. అది వెంట్రుక గుంత లోపల ఉంటుంది, రుద్దితే మీ చర్మమే రాలుతుంది. గోరువెచ్చని నీళ్ళు, ఘాటు లేని సబ్బు, రోజుకు రెండుసార్లు, చేతి వేళ్ళతోనే. ఎండలోకి పోయేటప్పుడు గొడుగు. బీడీలు చుట్టే అమ్మలు పొగాకు దుమ్ము అంటిన చేతితో బుగ్గ తుడుచుకోకుండా, పక్కన ఒక శుభ్రమైన గుడ్డ పెట్టుకోవాలి.

కోరుట్ల తల్లి ఆ తరువాత నాలుగుసార్లు వచ్చింది. రెండవసారి వచ్చినప్పుడు ముఖం చూసి మేమే భయపడ్డాము, అంత ఎర్రగా ఉంది. ఆమె మాత్రం ట్యూబు ముట్టలేదని ఒట్టు పెట్టి చెప్పింది. పక్కలో పాప పడుకుంటోందట, రాత్రి మంట పుడితే పాపే చిన్న చేతులతో విసురుతుందట. నాలుగవసారికి పొక్కులు లేవు. బుగ్గల మీద ఎర్ర నరాలు కొన్ని అలాగే ఉన్నాయి, అవి పూర్తిగా పోకపోవచ్చని చెప్పాము. మంగు మచ్చలు కూడా రెండేళ్ళ కింద ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి. "ఉంటె ఉండనీ సిస్టరమ్మా, గంప నేనే తీసుకపోతున్న" అంది.

మీ ఇంట్లో ముఖానికి వాడుతున్న ట్యూబులన్నీ ఈ వారం ఒకచోట పెట్టి, చదువుకున్న పిల్లల చేత పేర్లు చదివించండి. బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూయోసినోలోన్, బెక్లోమెథసోన్. వీటిలో ఏ ఒక్కటి కనబడినా, డాక్టరు ముఖానికని రాసి ఇచ్చింది కాకపోతే, దాన్ని పారవేయకుండా సంచిలో వేసుకుని ఓపీకి రండి. ఖాళీదైనా సరే, పేరు చెరిగిపోయిందైనా సరే. చీటీ రాసే బల్ల దగ్గర అందరి ముందు చూపనక్కర లేదు, సిస్టరుతో మాట్లాడాలి అని చెప్పండి, లోపలి గదికి పంపుతారు.